ఆయుధపూజకు నాకిచ్చిన సెలవు

నేను ఒక రౌటరును. ఇటునుంచి వచ్చిన కబురును అటు పంపడమే నా పని. లోపల ఏముందో చూడను. పైనున్న చిరునామా చూసి తోసేస్తాను. నేను పుట్టిన కార్ఖానాలో నన్ను పరీక్షించడానికి పంపిన మొదటి కబురు, నేను ఆవలించేలోగా భూగోళం చుట్టి వచ్చి వెనకనుంచి నా వీపు తట్టింది. నమ్మితే నమ్మండి.

విశాఖలో ఒక సిమెంటు కంపెనీవాళ్లు నన్ను కొన్నాళ్లు వాడుకుని, కొత్తది కొనుక్కుని, దానమిచ్చేశారు. మనుషుల ఉదారత పాతబడ్డ వస్తువుల దగ్గరే పొంగుతుంది. అలా సాలూరులో ఒక కంటి కేంద్రానికి చేరాను. అక్కడ డాక్టరుండరు. టెక్నీషియన్ పైడిరాజు రోగి కంటిని యంత్రంతో ఫొటో తీస్తే, అది నా గుండా విశాఖలో ఉన్న డాక్టరమ్మకు వెళ్తుంది. ఆమె చూసి మందు చెబుతుంది.

నాకు రెండు జ్ఞాపకాలు. చెప్పిన పని అప్పటికప్పుడు చేసేది ఒకటి. కరెంటు పోయినా మరిచిపోనిది ఇంకొకటి. మొదటిదాంట్లో ఉన్నది రెండోదాంట్లోకి ఎక్కాలంటే ‘రైట్ మెమరీ’ అని విడిగా ఆజ్ఞాపించాలి.

దసరా ముందు ఇంటర్నెట్ లైను మార్చారు. ఉదయభాస్కర్ అనే నెట్‌వర్క్ ఇంజనీరు వచ్చి, నా రెండో గుమ్మంలో, అంటే పోర్టులో, కొత్త తీగ గుచ్చి, చిరునామా రాసి, ‘నో షట్‌డౌన్’ అని కొట్టాడు. గుమ్మం తెరవమనడానికి ‘మూయకు’ అంటారు వీళ్లు. పింగ్ చేస్తే తెర మీద వరసగా ఆశ్చర్యార్థకాలు పడ్డాయి. కబురు వెళ్లి తిరిగొచ్చిందని అర్థం; రాకపోతే చుక్కలు పడతాయి. ఆ సంబరంలో ఆఖరి ఆజ్ఞ మరిచి బస్సెక్కేశాడు.

మరునాడు ఆయుధపూజ. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు వాడకూడదని పైడిరాజు పట్టింపు. నన్ను ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టాడు. పుట్టాక నాకు సెలవిచ్చిన మహానుభావుడు అతనొక్కడే. హాయిగా పడుకున్నాను. మర్నాడు పొద్దున్న లేచేసరికి రెండో గుమ్మం సంగతే గుర్తు లేదు.

ఆ పొద్దున్నే బియ్యం మిల్లులో పనిచేసే బోడెమ్మ కొంగుతో కన్ను మూసుకుని వచ్చింది. ఊక పడితే నలిపి నలిపి చింతనిప్పు చేసుకుంది. ఫొటో తీస్తే నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. ఒట్టి గీతే పడి ఉంటే చుక్కల మందు చాలు. పుండయితే ఆలస్యం చేసేకొద్దీ చూపు పోతుంది. ఆ మాట డాక్టరమ్మే చెప్పాలి. ఫొటో నా దగ్గరికొచ్చి ఆగిపోయింది.

“డాక్టరమ్మకి ఎల్లట్లేదప్పా. కాసేపు కూకో,” అన్నాడు పైడిరాజు.

“ఆ పెట్టికి పూలెట్టి మొక్కావు గదా, అలిగిందేటి? సుక్కలేవో ఎయ్యి, నానెల్లిపోతాను. మిల్లు కాడ మేస్త్రి అరుత్తాడు.”

“ఏ సుక్కలెయ్యాలో తెలిత్తే నానే డాక్టర్నవుదును. కూకో!”

నాకూ కంప్యూటరుకూ మధ్య నీలం తీగ తగిలించి, ఉదయభాస్కర్‌కు ఫోన్ చేశాడు.

“పింగ్ కొట్టు. ఏం వచ్చింది?”

“సుక్కలు సార్. అన్నీ సుక్కలే.”

“అయ్యే నా కంట్లో ఎయ్యరా నాయనా!” అంది బోడెమ్మ.

“‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ కొట్టి రెండో వరస చదువు.”

“అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్ అంటంది సార్.” నా రెండో గుమ్మం మూసి ఉందని దానర్థం.

“కరెంటు పోయిందా?”

“లేదు సార్, నానే ఆపాను. ఆయుధపూజ గదా.”

ఫోన్‌లో నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

“నేను సేవ్ చెయ్యలేదు పైడిరాజూ. నీ తప్పేం లేదు. చెప్పింది చెప్పినట్టు కొట్టు.”

చిరునామా, దారి, నో షట్‌డౌన్. గుమ్మం తెరుచుకుంది. పింగ్ కొడితే ఆశ్చర్యార్థకాలు. ‘రైట్ మెమరీ’ మాత్రం ఉదయభాస్కర్ రెండుసార్లు కొట్టించాడు. నాకేదో చెవుడున్నట్టు.

“పుండే. వచ్చే బస్సుకే నా దగ్గరికి పంపించెయ్యండి,” అంది ఫొటో చూసిన డాక్టరమ్మ.

“మేస్త్రి...” అని మొదలెట్టింది బోడెమ్మ.

“మేస్త్రికి నోరుంటే సాలు. నీకు కన్ను కావాలి,” అంటూ పైడిరాజు ఆమెను బస్సెక్కించాడు.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చింది. పైడిరాజు మంచి కన్ను అరచేత్తో మూయించి, గోడమీది పటంలో ‘E’ గుర్తుల కొమ్ములు ఎటున్నాయో చూపించమన్నాడు. కుడికి, పైకి, కిందికి వేళ్లు తిప్పుతూ చివరి వరస దాకా వచ్చి ఆగింది.

“ఆ సీమల బారు నీకు అవుపిత్తందేటి? ముందు నువ్వు సెప్పు.”

పైడిరాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తరవాత కొత్త రౌటరు వచ్చింది. నన్ను అలమరలో విరిగిన కళ్లజోళ్ల పక్కన పడేశారు. చూసినవీ చూడనివీ చెప్పి అవి గొప్పలు పోతుంటాయి. నేనూ తగ్గలేదు. బోడెమ్మ కన్ను నా గుండా విశాఖ పోతూ పోతూ నన్ను చూసి కన్ను కొట్టిందని చెప్పాను. నమ్మాలో మానాలో అవి ఇంకా తేల్చుకోలేకపోతున్నాయి.