జాకీ మీద ఒక చక్రం

ఆ పొద్దున మెకానికమ్మ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరుగుతోంది. చేతిలో పానా ఉంది గానీ దాన్ని ఏ బోల్టు కోసం తీసిందో గుర్తు లేదు. బల్ల దగ్గరికి వెళ్తుంది, ఫోను తీస్తుంది, మొగుడి నంబరు నొక్కుతుంది. రెండుసార్లు మోగి టక్కున ఆగిపోతుంది. ఎత్తకపోవడం కాదు, చూసి మరీ కట్ చేస్తున్నాడు.

"కట్ చెయ్యి నాయనా, చెయ్యి, ఎన్నిసార్లు చేస్తావో చూస్తా" అని ఫోనుని తిట్టి మళ్ళీ నొక్కింది.

వాళ్ళిద్దరికీ తొమ్మిది రోజులుగా మాటల్లేవు. మొగుడు ఇటుకల లారీ నడుపుతాడు. ఆ లారీని బాగుచేసేది ఈవిడ. పని నేర్పింది వాళ్ళ నాన్న. ఆయన షెడ్డు కూతురికి అప్పగించేశాక, ఇంట్లో పొద్దుపోక రోజూ అల్లుడి పక్క సీట్లో ఎక్కి లోకమంతా చూసొస్తుంటాడు.

గొడవ కూడా లారీ గురించే. కొండవారన కొత్త ఇళ్ళు కడుతున్న చోటికి ఎత్తురోడ్డు ఒకటుంది, వాన పడితే అంతా బురదే. వెనక చక్రాల్లో ఒకటి బురదలో దిగితే చాలు, అదొక్కటే గిర్రున తిరుగుతుంది. గట్టి నేల మీదున్న రెండోది తనకేం పట్టనట్టు కదలదు. లోపలున్న డిఫరెన్షియల్ తీరే అంత, ఎటు సులువైతే అటే బలమంతా పంపేస్తుంది. అలా మూడు గంటలు ఇరుక్కుని, ట్రాక్టరుతో లాగించుకుని, తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చాడు మొగుడు.

"ఇది పీకేసి లిమిటెడ్ స్లిప్ వేస్తా. ఒక చక్రం జారినా రెండోది పట్టుకుని లాగుతుంది" అంది ఈవిడ.

"బండికేం రోగం? బురదకి నువ్వేం మందేస్తావు?"

"నీకు స్టీరింగు తిప్పడమే తెలుసు. లోపలేముందో నాకు తెలుసు."

షెడ్డులో నలుగురున్నారు, నలుగురూ నవ్వారు. అంతే, ఆ పూట నుంచి అయ్యగారు మూతి ముడిచారు. ఈవిడ మాత్రం తక్కువ తిందా! తనూ బిగించుకుంది. "నాన్నా, అన్నం చల్లారిపోతోందని చెప్పు" అని ఎదురుగా కూర్చున్న మనిషికి కబురు పంపడం, "మావయ్యా, ఆకలి లేదని చెప్పండి" అని అతను జవాబు పంపడం. మధ్యలో పెద్దాయన ఎవరి మాటా ఎవరికీ చేరవెయ్యకుండా ఇద్దరి కూరా తనే తినేసేవాడు.

పంతానికి పంతం, పని మాత్రం ఆపలేదు. పాత బళ్ళ యార్డులో అదే రకం లారీలోంచి తీసిన లిమిటెడ్ స్లిప్ ఒకటి దొరికింది. విప్పి, అరిగిన ప్లేట్లు తీసి కొత్తవి వేసింది. బేరింగుల మీద బిగించే టోపీలు కుడివి ఎడమకి మారకుండా గాట్లు పెట్టుకుంది. క్రౌన్ అనే పెద్ద చక్రం పళ్ళకి పసుపు రంగు పేస్టు రాసి, దాన్ని నడిపే చిన్న పినియన్ తిప్పి, ముద్ర పంటి మధ్యలో పడేదాకా సందుల్లో పెట్టే కాగితమంత పల్చటి రేకులు మూడుసార్లు మార్చింది. చివరికి రెండు వెనక చక్రాలూ గాల్లో ఉండగా ఒకదాన్ని చేత్తో తిప్పింది. ఇదివరకైతే రెండోది ఎదురు తిరిగేది. ఇప్పుడు రెండూ కలిసి ఒకే వైపు తిరిగాయి. భలే సంతోషమేసింది. ఆ సంతోషంలోనే ఇంకో సంగతీ తట్టింది. నాన్న అలవాటు ఇక ఈ బండికి పనికిరాదు, ఇద్దరికీ చెప్పాలి అనుకుంది.

నాన్న అలవాటేమిటంటే, వెనక నుంచి ఏ చప్పుడొచ్చినా ఆ వైపు చక్రం ఒక్కటే జాకీ మీద ఎత్తించి, అల్లుణ్ణి ఇంజను నడుపుతూ గేరు వెయ్యమంటాడు. లేపిన చక్రం తిరుగుతుంది, నేల మీది చక్రం కదలదు, బండి ఉన్నచోటే ఉంటుంది. తను కింద పడుకుని, పొడుగాటి స్క్రూడ్రైవరు కొన యాక్సిలు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వైద్యం; లిమిటెడ్ స్లిప్ ఉన్న బండి ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు.

ఇవాళ పొద్దున నాన్న ముందే వెళ్ళి లారీలో కూర్చున్నాడు. మొగుడు తాళాల కోసం వచ్చాడు. మాట ఈవిడ నాలుక చివరే ఉంది. అతను తాళాలు తీసుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు, ఎలా ఉందనైనా అడగలేదు. వారం రోజులు నూనెలో మునిగి చేసిన పని! ఈవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొత్త ప్లేట్లు కుదురుకునేదాకా మలుపుల్లో కటకటమంటాయి, ఆ చప్పుడుకి హడలిపోయి తనే వెనక్కొచ్చి అడుగుతాడు, అప్పుడు చెబుదాంలే అనుకుంది. ఊరుకుంది.

గంటైనా అతను రాలేదు. ఈవిడ ఎవరిదో వ్యానుకి బ్రేకులు చూద్దామని ఒక చక్రం జాకీ మీద లేపింది. లేపగానే పై ప్రాణాలు పైనే పోయాయి. చప్పుడొస్తే వాళ్ళు ఇక్కడికెందుకొస్తారు? పక్కనే పెద్ద వైద్యుడున్నాడుగా!

నాన్నకి చేద్దామంటే ఆయన ఫోను షెడ్డులోనే అలమరలో మోగింది. మొగుడు కట్ చేస్తూనే ఉన్నాడు. పదకొండోసారి కూడా కట్ అయ్యాక పానా అవతల పారేసి స్కూటరెక్కింది.

దారిలో ప్రతి సిగ్నలూ ఎర్రదీపమే చూపించింది. ఆగినచోట నిలకడ లేక ఒక కాలు నేలకేసి కొడుతుంటే పక్క కారాయన వింతగా చూశాడు. "చూడవయ్యా, చూడు" అని మనసులోనే అతని మీద కూడా విరుచుకుపడింది. ఏం కాదులే అనుకుంటుంది, వెంటనే అయ్యుంటే అనుకుంటుంది. ఎదురుగా వచ్చే ప్రతి లారీనీ మొహంతో సహా పోల్చుకుంది, ఏదీ తమది కాదు.

ఎత్తురోడ్డు మొదట్లో కనిపించింది లారీ. రోడ్డు వారగా ఆగి ఉంది, ఎడమ వెనక చక్రం నేలకి జానెడు ఎత్తులో. దాని పక్కనుంచి బయటికి వచ్చి ఉన్నాయి నాన్న కాళ్ళు. ఇంజను నడుస్తోంది.

స్కూటరు ఎక్కడ పడిందో చూసుకోలేదు. పరిగెత్తింది. అద్దంలో ఆమెను చూసి మొగుడు మొహం తిప్పేసుకున్నాడు. కింద నుంచి నాన్న అరిచాడు.

"ఏంరా, నిద్రపోయావా? వెయ్యి గేరు!"

ఈవిడ తలుపు లాగి, అతని ఒళ్ళో పడ్డట్టు వంగి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది. గేరు అప్పటికే పడి ఉంది. అతని ఎడమ కాలు క్లచ్చి మీద ఉంది.

"రోడ్డు మీద కూడానా? ఇంట్లో చాల్లేదా?" అన్నాడు మొగుడు. తొమ్మిది రోజుల్లో అదే మొదటి మాట.

ఆమెకి ఊపిరందలేదు. "నాన్నా, బయటికి రా. ముందు బయటికి రా."

పెద్దాయన విసుక్కుంటూ, మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు. "మలుపులో కటకటమంటోందమ్మా. బేరింగేమో వింటుంటే మధ్యలో నీ గోలేంటి?"

"బేరింగు కాదు, కొత్త ప్లేట్లు. నాన్నా, ఇది పాతదానిలా కాదు. లేపిన చక్రం తిరిగితే నేల మీది చక్రానికీ బలం పోతుంది. గేరు పడి క్లచ్చి వదిలితే బండి జాకీ మీంచి ముందుకి దూకుతుంది."

పెద్దాయనకి వెంటనే అర్థమైంది. ముప్ఫై ఏళ్ళ మెకానిక్కు మరి. వంగి, ఇంతసేపూ తన తల ఉన్న చోటు చూశాడు. జాకీని చూశాడు. మొగుడు క్యాబులోంచి దిగబోయి మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"పోనీలే" అన్నాడు పెద్దాయన, చొక్కా దులుపుకుంటూ. "పని ఒత్తిడిలో మర్చిపోయుంటావు."

అవునంటే సరిపోయేది. అందరూ ఇంటికి పోయేవాళ్ళు. కానీ ఆమె తల అడ్డంగా ఊపింది.

"మర్చిపోలేదు నాన్నా. పొద్దున గుర్తుంది. ఆయన అడిగితే చెబుదామని ఊరుకున్నా."

చొక్కా దులుపుతున్న చెయ్యి ఆగిపోయింది. మొగుడు నోరు విప్పాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"షెడ్డు గేటు తిరుగుతుంటేనే వినిపించింది ఆ చప్పుడు. వెనక్కొచ్చి తనని అడగడం నామోషీ అనిపించింది, మావయ్యా. ఫోనొస్తే నేనే నెగ్గాననుకున్నా."

పెద్దాయన కూతుర్ని చూశాడు, అల్లుణ్ణి చూశాడు. స్క్రూడ్రైవరుతో బండి కిందకి చూపించాడు.

"మీరూ మీరూ అలిగారు, బాగానే ఉంది. కింద పడుకున్నది నేను కదర్రా!"