రుద్రముని నిలబడని మలుపు

దావణగెరెలో ఎవరినైనా అడగండి, రుద్రముని మంచివాడనే చెబుతారు. మఠానికి బియ్యం పంపుతాడు. ఎవరింట్లో చావైనా అందరికంటే ముందు చేరతాడు. నేను మాత్రం వాణ్ణి మంచివాడని చచ్చినా అనను. నిలబడమన్న చోట కాసేపు నిలబడలేకపోయాడు ఆ మనిషి. అందువల్ల ఈరోజు నా స్నేహితుడు కొట్రేశ నడుము కింద ఈగ వాలినా తెలియకుండా మంచంలో పడి ఉన్నాడు.

మాది ఆరుగురి గుంపు. ఏటా మోటారుసైకిళ్ల మీద ఒక దూర ప్రయాణం. వక్కల మండీ హాలేశ ముందు నడిచేవాడు, దారి చూసేది అతనే. రుద్రముని ఆ మండీలోనే భాగస్వామి. నేను మెకానిక్‌ని. ఏడో తరగతిలో బడి వదిలి పానా పట్టుకున్నవాణ్ణి. ఎవరి బండి ఆగినా బాగుచేయాలి కాబట్టి అందరికంటే వెనక నేను. గుంపులో దాన్ని తోక అనేవాళ్లం.

మాకొక కట్టుబాటు ఉండేది. దారి చీలి పక్కకు తిరగాల్సిన ప్రతిచోటా హాలేశ వెనకున్న రెండోవాడు బండి ఆపి నిలబడాలి. వచ్చినవాళ్లను వచ్చినట్టు సరైన దారికి తిప్పి, తోక కనబడ్డాకే కదలాలి. అక్కడ ఎవరూ లేకపోతే తిరగక్కర్లేదని, నేరుగా పొమ్మని అర్థం. కచ్ దాకా పోయాం, కన్యాకుమారి దాకా పోయాం, ఒక్కడూ తప్పిపోలేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే, తప్పు గుంపుదైతే ఖర్చు ఆరుగురిది. వెనకబడినవాడు దారి తప్పితే మాత్రం తోకదే భారం. ఇది కాగితం మీద రాసుకున్నది కాదు, అందరం ఒప్పుకున్నది.

ఆ ఏడు హిమాలయాల్లో స్పితి లోయకు పోయాం. అక్కడి కాజా అనే ఊరి నుంచి బయలుదేరిన కాసేపటికే కొట్రేశ బండి మొరాయించింది. అది పాత రెండు స్ట్రోకుల బండి. ఆ ఎత్తులో గాలి చాలక ప్లగ్గుకు మసి పట్టేస్తోంది.

"తిప్పేశా, నా ముసలిది మళ్లీ దగ్గుతాంది సూడప్పా."

"దగ్గదా మరి? ఈడ నాకే ఊపిరి ఆడ్డం ల్యా. ఇంత దూరం దీన్ని తెచ్చినావే, నీకేమన్నా తిక్కా?"

"దాన్నేమీ అనొద్దు. మరమరాల మూటలన్నీ మోసి నా బట్టీని నిలబెట్టింది అదే. మా ఇంటికి నింగమ్మ కంటే ముందొచ్చింది."

"అయితే ఇంగోసారి ఆయమ్మతోనే తోయించుకో. నన్ను పిలవొద్దు."

కొట్రేశ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ ఎత్తులో నవ్వితే ఆయాసం వస్తుంది, అయినా నవ్వాడు. ప్లగ్గు విప్పి, గీకి, బిగించాను. మళ్లీ ఆగింది, మళ్లీ గీకాను. ఈలోపల మిగతావాళ్ల దుమ్ము కూడా కనబడకుండా పోయింది.

మధ్యాహ్నం తిరిగాక దారి చీలిన చోటికి వచ్చాం. కుడికి కొత్త వంతెన వైపు తారురోడ్డు, నేరుగా నది పక్కన రాళ్లలోకి దిగే దారి. చక్రాల గుర్తులు రెండింటి మీదా ఉన్నాయి. మనిషి మాత్రం లేడు.

కొట్రేశ కాలు ఆనించి వెనక్కి చూశాడు. "ఎవురూ లేరు కదప్పా. ఆగుదామా?"

"ఎవరూ లేకుంటే నేరుగా. కొత్తగా అడుగుతావేమి?"

"కుడిపక్క దారి బాగుంది."

"బాగుండే దారంతా మనదేనా? ఈరోజు రెండోవాడు రుద్రముని. తిరగాల్సుంటే నిలబడుండడా?"

"అదీ నిజమేలే. వాడు ఒంటేలుకు పోయినా గుర్తుకు బండి మీద తువ్వాలేసి పోతాడు," అంటూ గేరు వేశాడు.

నేరుగా పోయాం. ఆ దారి ఒక వాగులో దిగింది. పొద్దున మోకాలి లోతుండే వాగులు ఆ కొండల్లో ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి పొంగుతాయి. నీళ్ల రంగు చూసి ఆగమని అరిచాను. అప్పటికే కొట్రేశ దిగిపోయాడు. నడిమధ్యలో బండి ఆగింది, కింద రాయి దొర్లింది. బండీ మనిషీ కలిసి పడి, కొట్టుకుపోయి ఒక పెద్ద బండకు తగిలారు. నడుము లోతు నీళ్లలోకి దూకి పోయాను. బండిని అవతలికి నెట్టాను.

"కాళ్లు పట్టుకోప్పా, కాళ్లు పట్టుకొని లాగు," అన్నాడు.

నేను అప్పటికే పట్టుకొని ఉన్నాను.

రోడ్డు పని చేసే కూలీలు రేకు మీద పడుకోబెట్టి టిప్పర్‌లో కాజా ఆస్పత్రికి చేర్చారు. చీకటి పడేవేళకు హాలేశ, రుద్రముని వచ్చారు. వరండాలోనే రుద్రముని చొక్కా పట్టుకున్నాను.

"యాడ సచ్చినావురా?"

"ఎంతసేపు నిలబడేదప్పా? పైన కనుమలో ఎండ పోతాంది, బ్యానర్ పట్టుకొని అందరం ఫోటో దిగాల అనుకున్యాం కదా. వంతెన సూసుకొని మీరే వస్తారనుకుంటి."

హాలేశ పక్కనే నిలబడి ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు.

అక్కణ్ణుంచి సిమ్లా, సిమ్లా నుంచి చండీగఢ్. వెన్నుకు ఆపరేషన్ చేశారు. లేచి నడుస్తాడా అని అడిగితే డాక్టరు చేతులు కడుక్కుంటూ తల అడ్డంగా ఊపాడు. ఇంకో పెద్ద ఆస్పత్రి, ఇంకో డాక్టరు. కాళ్లలో చిన్న కదలిక వస్తుందేమోనని ఎవరెక్కడికి చెబితే అక్కడికి మోసుకుపోయాను. రాలేదు.

ఊరికి వచ్చాక హాలేశ మండీలో కూర్చున్నాం. రుద్రముని కళ్లు కూడా ఆర్పలేదు.

"నేను నిలబడే ఉంటి. చెయ్యి కూడా ఊపితి. వీళ్లే సూడకుండా పాయిరి."

"హాలేశన్నా, ఆస్పత్రిలో వీడు ఏమన్నాడో నువ్వు ఇన్నావు కదా. చెప్పు," అన్నాను.

హాలేశ వక్కల కుప్పలోంచి ఒకటి తీసి గోటితో గీకుతూ అన్నాడు: "ఆ గలాటాలో ఎవరేమన్నారో నాకేం గుర్తుంటాది తిప్పేశా?"

మిగతా ఇద్దరూ వాళ్ల మండీలో అప్పు తెచ్చుకున్నవాళ్లే. "తోక నీదే కదా మామా," అన్నారు.

ఆఖరికి కొట్రేశ దగ్గరికి పోయాను. మలుపులో ఎవరూ లేరని నువ్వొక్క మాట చెబితే చాలు, నీ వైద్యం ఆరుగురి మీదా పడుతుందన్నాను. వాడు గోడ వైపు చూస్తూ అన్నాడు:

"నేను ఆగుదామంటి గదరా. నేరుగా పొమ్మనింది నువ్వే."

బయటికి వస్తుంటే నింగమ్మ గడప దాకా వచ్చింది. "ఇంగ రావద్దు సామీ. నిన్ను సూసిన రోజు ఆయన కూడు ముట్టడు."

అంతే, మళ్లీ పోలేదు. ఈ ఏడూ గుంపు బయలుదేరింది. హాలేశ ముందు, రుద్రముని రెండోవాడు. తోకకు కొత్తవాణ్ణి పెట్టుకున్నారు. కట్టుబాటు ప్రకారం కొట్రేశ వైద్యం మొత్తం నా మీదే పడింది. దానికోసం నేను అమ్మింది, మా అవ్వ నాకిచ్చిన చేను: భద్రా కాలువ కింద ఏటా రెండు పంటలు పండే నల్లరేగడి, ఒక ఎకరం పద్నాలుగు గుంటలు.