చెరరాశి

బడిలో పిల్లలు నన్ను స్కేలు మేడమ్ అంటారని నాకు తెలుసు. తెలియనట్టు ఉంటాను. బోర్డు మీద గీత గీస్తే గీతలా ఉండాలి కానీ వానపాములా ఉండకూడదని నా పట్టుదల. అందుకే బారెడు చెక్క స్కేలు చంకలో పెట్టుకుని తిరుగుతాను. కోపం నా ముక్కు మీదే ఉంటుంది, కాదనను. పక్షపాతం మాత్రం మా ఇంటావంటా లేదు. ఆ ఒక్కటీ చెప్పుకుని ఇన్నాళ్లూ తలెత్తుకు తిరిగాను.

పదో తరగతిలో నా మేనకోడలు, తమ్ముడి కూతురు, నా దగ్గరే లెక్కలు చదువుతోంది. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, కనబడ్డ కాగితం మీదల్లా ఇళ్లు గీస్తుంది కాబట్టి ఇంట్లో దాని పేరే పెన్సిలు. ఊరికే గీసే బొమ్మలు కావు అవి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, మెట్లు ఎక్కడ మలుపు తిరుగుతాయో, వంటగదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తుందో అన్నీ అందులో ఉంటాయి. పెద్దయ్యాక ఇళ్ల నమూనాలు గీసే చదువు చదువుతానంటుంది. ఆ చదువు కావాలంటే మా బడిలోనే ఉన్న పై తరగతిలో లెక్కల గ్రూపు దొరకాలి. ఆ గ్రూపుకి ఎవరు పనికొస్తారో, ఎవరు పనికిరారో తేల్చాల్సింది నేను.

నేను దాన్ని పనికిరాదని తేల్చాను.

ఊరికే తేల్చలేదు. సమీకరణం ఇచ్చి ఎక్స్ విలువ కనుక్కోమంటే చిటికెలో కనుక్కునేది. అదే గ్రాఫు గీయమంటే పిల్లకి కాళ్లూ చేతులూ ఆడేవి కావు. ఒక బిందువు పెట్టి, ఇక ఏం చెయ్యాలో తెలియనట్టు నా మొహం చూసేది. ఒకరోజు బోర్డు దగ్గరికి పిలిచి, ఎక్స్‌ని చరరాశి అంటాం కదా, అంటే ఏమిటో చెప్పమన్నాను.

"చెరరాశి అంటే మేడమ్..." అని నీళ్లు నమిలింది.

"చెర కాదు, చర. నోరు తిరగదా? పదో తరగతికొచ్చాక మాట పలకడం కూడా నేనే నేర్పాలా? వెళ్లి కూర్చో."

తరగతంతా నవ్వింది. పెన్సిలు తల వంచుకుని వెళ్లి కూర్చుంది. పరీక్షలో గ్రాఫుల భాగం మొత్తం ఖాళీగా వదిలేసింది.

గ్రూపుకి పనికొచ్చేవాళ్ల పేర్లు పెద్ద మేడమ్‌కి ఇచ్చేసిన రోజే ఆ సంగతి ఇంట్లో చెప్పాను. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. కింద తమ్ముడి సంసారం, మేడ మీద నేను. అన్నాల దగ్గర చెప్తే మరదలు గరిటె పక్కన పెట్టేసింది.

"అదేంటి వదినా, మీ చేతిలో పనే కదా. సొంత మేనకోడలికి ఆమాత్రం చెయ్యలేరా?"

"సొంత మేనకోడలు కాబట్టే చెయ్యను. రేపు నలుగురూ నా మొహం మీద ఉమ్మేస్తారు."

తమ్ముడు ప్రెస్సులో పని చేస్తాడు. వాడికి ఎక్కాలు నేర్పింది నేనే. నేను ఏది చెప్పినా వాడికి అచ్చులో పడ్డట్టే లెక్క. "అక్క కాదందంటే కాదనే. పోనీలే అమ్మా, ఇంకేదైనా చదువుదువుగాని," అన్నాడు కూతురితో.

పెన్సిలు ఏడుస్తుందేమో, నా మీద పడి అరుస్తుందేమో అనుకున్నాను. కంచం తీసుకెళ్లి కడిగేసింది. మర్నాడు పొద్దున మెట్ల దగ్గర ఎదురుపడి, "మీకు కాఫీ పైకి తెమ్మంటారా?" అని అడిగింది. పుట్టినప్పటినుంచి నన్ను నువ్వు అన్న పిల్ల. బడిలో మేడమ్, మీరు అనేది, ఇంట్లో అత్తా, నువ్వు అనేది. ఆ రోజునుంచి ఇంట్లో కూడా మీరే అయిపోయాను. చెవి మీది పెన్సిలు కూడా కనబడలేదు. నేను మాత్రం, పిల్లకి పెద్దరికం వచ్చిందిలే అని సరిపెట్టుకున్నాను. ఎంత గుడ్డిదాన్నో చూడండి.

ఇప్పుడు ట్యాబుల సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఏడాది మొదట్లో మా బడికి లెక్కలు నేర్పడానికని ట్యాబులు వచ్చాయి. సమీకరణం రాస్తే చాలు, గ్రాఫు దానంతటదే తెర మీదికి వస్తుంది. నిన్నగాక మొన్న చేరిన కంప్యూటర్ మాస్టారు స్టాఫ్ రూములో మా అందరికీ చూపించాడు. నా వంతు వచ్చినప్పుడు గీత మీద వేలు పెట్టి కాస్త జరిపాను. గీత జారి తెర దాటి పోయింది. ఎటు లాగినా తెల్లటి తెరే తప్ప గీత జాడ లేదు. "స్కేలు పెట్టి ఆపండి మేడమ్," అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల తల కొట్టేసినట్టయింది. వాళ్లలో సగం మంది ఒకప్పుడు ఇదే బడిలో చదివి నా చేత మొట్టికాయలు తిన్నవాళ్లే.

మర్నాడే ఆ ట్యాబులన్నీ లెక్కల గది బీరువాలో పెట్టి తాళం వేశాను. పిల్లలు సోమరిపోతులవుతారని, చేత్తో గీయందే బుర్రకెక్కదని అందరికీ చెప్పాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను. కంప్యూటర్ మాస్టారు తాళంచెవి అడిగినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి పంపేసేదాన్ని. అతను మంచివాడు, నవ్వి ఊరుకునేవాడు.

ఏడాది చివర్లో, ట్యాబులు వాడుతున్నారో లేదో చూడటానికి పై ఆఫీసునుంచి మనుషులు వస్తున్నారని కబురొచ్చింది. పెద్ద మేడమ్ నా ముందు చెయ్యి చాపింది. ఆవిడా నేనూ ఒకేసారి ఉద్యోగంలో చేరినవాళ్లం. "తాళంచెవి ఇవ్వు తల్లీ. నీ పంతానికో దణ్ణం," అంది. ఇవ్వక తప్పలేదు. పదో తరగతిలో కంప్యూటర్ మాస్టారు పాఠం చెప్పేటట్టు, నేను వెనక బెంచీలో కూర్చునేటట్టు ఏర్పాటయింది. వాళ్లు వచ్చి చూసి, తలూపి పక్క గదికి వెళ్లిపోయారు. పాఠం మాత్రం సాగింది.

మాస్టారు పిల్లల చేత ఒక వాలుగీత తెర మీదికి రప్పించాడు. ఆ గీత మీద ఒక చుక్క. "దాన్ని వేలితో లాగండి," అన్నాడు. పిల్లలు లాగారు. చుక్క గీత వెంట పైకీ కిందికీ పరుగెత్తింది. పక్కన ఎక్స్ విలువ మారుతోంది, దాంతోపాటు వై విలువ కూడా మారుతోంది. తరగతిలో ఒక్కసారిగా గోల మొదలైంది. నేను అలవాటుగా బల్ల మీద స్కేలు కొట్టబోయి ఆగాను. అది అల్లరి గోల కాదు. "నాది కింద పడింది చూడు," "నాది మైనస్‌లోకెళ్లింది," అని ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

పెన్సిలు మాత్రం మాట్లాడటం లేదు. చుక్కని అటు లాగుతోంది, ఇటు లాగుతోంది. చాలాసేపటికి చెయ్యెత్తింది.

"సార్, ఎక్స్ చెరలో లేదా?"

తరగతి గొల్లుమంది. మాస్టారికి అర్థం కాలేదు. "చరరాశి కదమ్మా. చరించేది, అంటే కదిలేది," అన్నాడు మామూలుగా, తిట్టకుండా.

"కదిలేదా," అంది పెన్సిలు. "అయితే ఈ గీతంతా ఎక్స్ తిరిగే దారా?"

"అంతే."

ఆ తర్వాత దాన్ని పట్టుకునేవాళ్లు లేరు. వాలు పెంచితే ఏమవుతుంది, తగ్గిస్తే ఏమవుతుంది అని తానే అడిగి తానే జవాబు చెప్పింది. "ఇంటి గుమ్మంలోకి చక్రాల కుర్చీ ఎక్కించాలంటే దారి ఇంత నిట్టనిలువుగా ఉంటే కష్టం సార్, వాలు తగ్గించాలి," అని గీతని మెల్లగా కిందికి వంచింది. ఏడాదంతా నా తరగతిలో అంత మాట్లాడిన పాపాన పోలేదు. నేను వెనక బెంచీలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

బెల్లు కొట్టాక దాన్ని వరండాలో ఆపాను.

"చెర అంటే ఏమనుకున్నావే?"

"ఖైదు అనుకున్నాను మేడమ్." నేల చూపులు చూస్తూ చెప్పింది. "మీరెప్పుడూ ఎక్స్‌ని ఒక పక్కకి తెచ్చి ఒంటరిగా పెట్టమనేవారు కదా. బంధించారు కాబట్టి చెరరాశి, దాని విలువ కనుక్కుంటే విడిపించినట్టు అనుకున్నా. లోపలున్నది ఒక్కటే కదా, విలువా ఒక్కటే ఉండాలి. గ్రాఫుల్లో ఎక్స్‌కి బోలెడు విలువలు రాయమనేవారు. అందులో అసలుది ఏదో తెలిసేది కాదు."

"మరి అడగచ్చు కదా?"

తలెత్తి నా వైపు చూసింది. ఒకసారి నోరు విప్పినందుకు నేనేమన్నానో నాకు గుర్తుంది. నోరు తిరగదా అన్నాను కానీ, ఆ మాటకి నువ్వేమనుకుంటున్నావని అడగలేదు. నా బోర్డు మీద చరరాశి ఎన్నడూ కదల్లేదు. నాలుగు చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి, గీత కొట్టేసి, చూశారా అనేదాన్ని. పిల్లలు ఏం చూస్తారు, నా మొహం? సుద్దముక్కతో గీసింది కదలదు. కదిలేవాటిని నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. చెర అన్న పిల్లది తప్పా, చెరలో పెట్టిన నాది తప్పా?

"మరి లెక్కల గ్రూపు రాదన్నప్పుడు మీ నాన్నతో పోట్లాడలేదేం?"

"మీరు చెప్పారు కదా," అంది. "మీరు చెప్తే నిజమే అనుకున్నా. నాకు బుర్ర లేదేమో అనుకున్నా."

అక్కడినుంచి తిన్నగా పెద్ద మేడమ్ గదికి వెళ్లాను.

"మా మేనకోడలి పేరు జాబితాలో చేర్చాలి. లెక్కల గ్రూపుకి పనికొస్తుంది," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసింది. "నువ్వేనా ఈ మాట అంటున్నది? సరే, కారణం రాసివ్వు."

"నేను సరిగ్గా నేర్పలేదు. ఉన్న సాధనాలు దాచేశాను. అదే రాస్తాను."

"అలా అయితే ఆ పిల్ల ఒక్కదానికే నేర్పలేదా? నువ్వు పనికిరారన్న మిగతావాళ్ల సంగతేంటి? వాళ్ల మేనత్తలు ఈ బడిలో లేరనా?"

నిజం చెప్తున్నాను, ఆ మాట ఆవిడ అనేదాకా మిగతా పిల్లలు నాకు గుర్తు రాలేదు. పక్షపాతం ఇంటావంటా లేనిదాన్ని.

అందరి పేర్లూ రాశాను. తప్పు పిల్లలది కాదు, నాది అని రాశాను.

"ఇది పైకి వెళ్తే వచ్చే ఏడు నీకు పదో తరగతి ఇవ్వరు," అంది పెద్ద మేడమ్, కాగితం పట్టుకుని.

"ఇవ్వొద్దు."

కంప్యూటర్ మాస్టారు వాళ్లందరికీ బడి వదిలాక ట్యాబులతో మళ్లీ గ్రాఫులు చెప్పాడు. మళ్లీ పరీక్ష పెట్టారు. ఒకమ్మాయి మాత్రం రాలేదు. లెక్కలు రావని నేనన్నాక, ఇంట్లోవాళ్లు ఆ అమ్మాయిని వేరే ఊళ్లో కుట్టుపని నేర్చుకోవడానికి చేర్చేశారు. ఆ తండ్రికి ఫోను చేసి, పిల్ల తప్పేం లేదండీ, ఒక్కసారి పంపించండి అన్నాను. "పర్లేదు మేడమ్. మీరన్నది నిజమేలెండి, మా పిల్లకి లెక్కలు రావు. మీరేం మనసులో పెట్టుకోకండి," అని ఆయనే నన్ను ఓదార్చాడు. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే చెవిలో పడుతుంది.

పెన్సిలు గట్టెక్కింది. లెక్కల గ్రూపులో పేరు వచ్చిన సాయంత్రం నేనే కిందికి దిగి చెప్పాను. మరదలు నా రెండు చేతులూ పట్టుకుంది. "నాకు తెలుసు వదినా, మీరు పైకి అలా ఉంటారు కానీ," అని కళ్లు తుడుచుకుంది. ఆవిడ నాలుగు దులిపేసినా ఇంత బాధ ఉండేది కాదు.

పెన్సిలు మెట్ల మీద బడి ట్యాబుతో కూర్చుని ఉంది. పక్కనే చతికిలబడ్డాను.

"నీకు లెక్కలు వస్తాయే. నేనే పొరపాటు పడ్డాను."

"అప్పుడు రావన్నారు, ఇప్పుడు వస్తాయంటున్నారు," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ఏది నమ్మాలి?"

నన్ను నమ్మొద్దు అన్నాను. అప్పుడే తాళం సంగతి మొత్తం చెప్పేశాను. గీత జారిపోవడం, స్టాఫ్ రూములో నవ్వులు, నేను మనసులో పెట్టుకోవడం, అందరికీ చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. అది చుక్కని లాగడం ఆపేసి విన్నది.

"గీత ఎలా పోయింది? చూపించండి," అని ట్యాబు నా ఒళ్లో పెట్టింది.

వేలు పెట్టి జరిపాను. గీత తెర దాటి పోయింది. మళ్లీ అదే తెల్లటి తెర.

పెన్సిలు వంగి, తెర మూలన ఉన్న చిన్న ఇల్లు బొమ్మ మీద వేలు ఆనించింది. గీత వచ్చి మధ్యలో నిలబడింది.

"అంతేనా?" అన్నాను.

"అంతే."

ఇన్నాళ్ల తర్వాత అది మళ్లీ నన్ను నువ్వు అంది. కోపంగా అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

"ఇంత చిన్నదానికా అత్తా, నువ్వు అన్నీ దాచేసింది?"

పిల్లలడిగిన ప్రతి సందేహానికీ టక్కున జవాబు చెప్పడం నాకు అలవాటు. ఈసారి మాత్రం గీతని మళ్లీ తెర దాటించి, ఆ ఇల్లు బొమ్మ మీద నేనే వేలు పెట్టాను.