మాత్రలు మానకు వదినా

చొక్కాల ఫ్యాక్టరీలో భోజనాల గంట కొట్టేసరికి, బొత్తాలకి కాజాలు కుట్టే కాజాలక్క ఇంకా నలభై చొక్కాలు వెనకబడి ఉంది. ధ్యాస ఎక్కడో ఉంటే కాజాలు సరిగ్గా పడతాయా? పావుగంటలో భోజనాల గదిలో మైకు పట్టుకుని మాట్లాడాలి. అదీ ఆమె భయం.

మాట్లాడమన్నది లైను సూపర్‌వైజరే. చొక్కాలు కుట్టించడం ఆవిడ ఉద్యోగం. తాగితే ఏ రోగమైనా తగ్గుతుందంటూ కుట్టేవాళ్ళకి బలంపొడి డబ్బాలు అంటగట్టడం అసలు వ్యాపారం. కొన్నవాళ్ళు మరో ముగ్గురిచేత కొనిపించాలి, ఆ ముగ్గురూ తొమ్మిదిమందిచేత. చేరినవాళ్ళకి తిన్నగా పోయే కుట్లు, చేరనివాళ్ళకి ఓ పట్టాన తెమలని కాలర్లు. ముక్కకింతని కూలి ఇచ్చేచోట రోజంతా కాలర్లు కుట్టమంటే నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. యజమానికి తెలియదా అంటే, తెలుసు. చొక్కాలు లెక్కకి వస్తుంటే ఆయనకెందుకు?

రెండు నెలల కూలి పోసి కాజాలక్క కొన్న డబ్బాలు మంచం కింద మూలుగుతున్నాయి. ముగ్గురు కాదు కదా, ఒక్కరూ దొరకలేదు. చివరికి సొంత అన్న భార్య దొరికింది. అమ్మ పోయాక జడవేసి, అన్నం పెట్టి పెంచిన వదిన. షుగరు మనిషి. ఆమెని ఇవాళ పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు.

"నువ్వు చెప్తే చాలే," అంది వదిన, ఇందాక లోపలికొస్తూ మెట్ల మీదే. "ఇవాళ్టి నుంచే మాత్రలు ఆపేస్తా. డబ్బాలకీ మాత్రలకీ రెంటికీ ఎక్కణ్ణుంచి తేను?"



"గుర్తుందిగా?" సూపర్‌వైజర్ చెవిలో గొణిగింది. "మీ పక్కింటావిడ పొడి తాగి షుగరు మాత్రలు మానేసింది. నువ్వు కళ్ళారా చూశావు."

"మా పక్కిల్లు తాళమేసుంది మేడమ్."

"మరీ మంచిది. అడగడానికి ఎవరొస్తారు?"

"మా వదిన నమ్మేస్తుందండీ."

"నమ్మాలనేగా పిలిచింది! నోరు జారావో, రేపు నీకు కాలర్లు కూడా ఉండవు. గేటు దగ్గరే ఆపేస్తారు."

చప్పట్లు కొట్టించారు. మైకు చేతికొచ్చింది. ఎదురుగా వదిన, బడిలో పద్యం అప్పజెప్పే పిల్లని చూసినట్టు, ముసిముసిగా నవ్వుతోంది.

"మా పక్కింటావిడ..." అంది కాజాలక్క. సూపర్‌వైజర్ దగ్గింది.

"నేనేం చూళ్ళేదు. ఎవరికీ షుగరు తగ్గడం చూళ్ళేదు. వదినా, మాత్రలు మానకు!" అని అరిచేసింది కాజాలక్క.

మైకు లాగేసుకున్నారు. తింటున్న ఆడవాళ్ళంతా తలలు వంచుకున్నారు. కొందరి డబ్బాలూ మంచాల కిందే ఉన్నాయి మరి. వదిన కంగారుగా లేచి నిలబడింది.

"ఏమిటే ఇది? నీ పని పోతుందే పిచ్చిదానా!"

"పోతుంది వదినా," అంది కాజాలక్క. "నువ్వు మాత్రలు మానకు."