రెండు వేళ్ళ సందు

ఎనిమిది బుధవారాలు నేను పిల్లను పెంచడం నేర్చుకున్నాను. మేడ్చల్‌లో, ఒక ఆఫీసు మేడ మీద, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. ఆ ఎనిమిది వారాలూ నా పిల్ల నా దగ్గర లేదు. లేని పిల్లను ఎలా బుజ్జగించాలో, ఎలా ముద్దు చేయాలో బొమ్మలు చూపించి మరీ చెప్పారు. కడుపు మండదా మరి?

నా పేరు శైలజ. మాది శామీర్‌పేట. నా మొగుడు యాదగిరి చెరువులో వల వేస్తాడు, నేను చేపలు అమ్ముతాను. తెల్లవారకముందే ఇద్దరం ఒడ్డున ఉండాలి. మా అత్త యాదవ్వకు చూపు ఆనదు, పరుగెత్తే పిల్లను ఆమె మీద వదిలి పోలేను. అంగన్‌వాడీ తలుపు తెరిచేసరికి మా పని సగం అయిపోతుంది. అందుకే మూడేళ్ల అశ్రితను వెంట తీసుకుపోయి, పాత చీర పేలిక ఒక కొస దాని కాలికి, ఇంకో కొస తెప్పలు కట్టే గుంజకు కట్టేదాన్ని. నీళ్లకు నాలుగడుగుల ఇవతలే ఆగిపోయేంత పొడవు. ఆ ముడి మా అత్త నేర్పింది. ఎంత గుంజినా బిగుసుకోదు. కట్టాక కాలికీ పేలికకూ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. మా అత్త పెద్దబిడ్డ నాలుగేళ్లప్పుడు ఆ చెరువులోనే పోయింది. ఆ తర్వాత మా ఇంట్లో కట్టకుండా పెరిగిన పిల్ల లేదు.

చెరువు చూడటానికి కారులో వచ్చిన ఒకాయన వీడియో తీశాడు. పలకరించలేదు, ఎందుకు కట్టావమ్మా అని ఒక్క మాట అడగలేదు. మూడోనాడు ఆ వీడియో పట్టుకొని జీపులో పిల్లల సంక్షేమ అధికారులొచ్చారు. అప్పుడు నేను చేసిన తప్పు ఇప్పటికీ నన్ను తింటోంది. రోజూ కడతావా అని అడిగితే, నడక వచ్చినప్పటి నుంచి ఒక్కరోజు కూడా మానలేదని గొప్పగా చెప్పాను. ఎంత పదిలంగా చూసుకుంటున్నానో వాళ్లకు తెలుస్తుందనుకున్నాను. వాళ్లు ఆ మాటే రాసుకొని పిల్లను సర్కారు పిల్లల హోమ్‌కు తీసుకుపోయారు. ఎనిమిది క్లాసులకూ వస్తేనే పిల్ల ఇంటికొస్తుందన్నారు. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటి నుంచే.

క్లాసు చెప్పేది మాధవీలత మేడం. ఎన్నడూ గొంతు పెంచేది కాదు, నాకు ఇంకా మండేది అందుకే. రోజుకు ఇరవై నిమిషాలు పిల్లతో గడపాలని చెప్పేది. పొద్దంతా నా కళ్ల ముందే ఉండే పిల్లను తీసుకుపోయి నాకు ఇరవై నిమిషాల ముచ్చట చెప్తారా? మూడో వారం ఆ వీడియోనే గోడ మీద పెద్దగా వేసింది. ముఖం కనబడకుండా చేశామంది. నా చీర నాకు తెలియదా? చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో పాపం అన్నారు. నేను లేచి, ఒక చేతిలో వల, ఒక చేతిలో గంప, ముందర నీళ్లు ఉంటే పిల్లను ఎక్కడ పెట్టాలో చెప్పమన్నాను.

"ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలమ్మా. కట్టేయడానికి పిల్ల బర్రె కాదు కదా," అంది.

అందరూ నవ్వారు. నేను నోరు మూసుకొని కూర్చున్నాను. కూర్చోకపోతే ఆ వారం హాజరు సంతకం పడదు.

ఆదివారాలు హోమ్ ముందుగదిలో పదిహేను నిమిషాలు పిల్లను చూపించేవారు. కాళ్లకు సాక్సులు వేసి తెచ్చేవారు. అది నా ఒళ్లో కూర్చొని కుడికాలు గోక్కునేది. దోమలు కుట్టాయేమో అనుకున్నాను. సాక్సు తీసి చూడాలన్న బుద్ధి కూడా పుట్టలేదు నాకు.

ఎనిమిదో క్లాసు అయిపోయిన మధ్యాహ్నం, పిల్లను అప్పగించడానికి మేడం నాతోపాటు హోమ్‌కు వచ్చింది. బయటే కూర్చోమన్నారు. ఎనిమిది వారాలు కూర్చున్నది చాలదా? తలుపు నెట్టుకొని లోపలికి పోయాను.

పొడుగాటి గది. కిటికీ చువ్వలకు నాలుగు చున్నీ ముక్కలు కట్టి ఉన్నాయి. నాలుగు ముక్కలకు నలుగురు పిల్లలు. మూడోది నా అశ్రిత. నన్ను చూసి ఉరికింది, చున్నీ గుంజితే బోర్లా పడింది. పడగానే ముడి ఇంకా బిగిసింది. ముడి విప్పి చూస్తే చీలమండ చుట్టూ చర్మం ఒరుసుకుపోయి నల్లటి గీత, దాని మీద ఎర్రగా కొత్తది.

చంకన ఒక పసివాడితో ఆయా దుర్గాబాయి గోడకు ఆనుకొని నిలబడింది. "పద్దెనిమిది మంది పిల్లలు, నేనొక్కదాన్ని," అంది. "జర చూపు తిప్పితే మెట్ల మీదికి ఉరుకుతరు. ఎక్కడ పెట్టాలె చెప్పు."

అది నా ప్రశ్నే. నేను మేడం వైపు తిరిగాను.

"పిల్ల బర్రె కాదని నాకు జెప్పినవ్ గద మేడం. గిక్కడ గూడ జెప్పు. అందరు నవ్వేటట్టు జెప్పు."

ఆమె ముఖం మాడిపోయింది. నన్ను పక్కకు తీసుకుపోయి, ఈ గాయం సంగతి రాసిపెడితే విచారణ అవుతుంది, అది తేలేదాకా పిల్లను ఇవ్వరు అని మెల్లగా చెప్పింది. కాగితం ముందు పెట్టింది. బిడ్డను ఒంటి మీద ఏ గాయమూ లేకుండా అప్పగించారని అందులో ఉంది. రెండుసార్లు చదివాను. కాగితం చింపి వాళ్ల ముఖాన కొట్టాలనిపించింది. అశ్రిత నా కొంగు పట్టుకొని నిలబడి ఉంది. సంతకం పెట్టాను.

పిల్లను ఎత్తుకున్నాక కూడా కాళ్లు బయటికి కదలలేదు. మిగిలిన ముగ్గురూ నన్నే చూస్తున్నారు. దుర్గాబాయి మీద నాకు కోపం రాలేదు, నా కోపం తగలాల్సినవాళ్లు వేరే ఉన్నారు. కింద కూర్చొని చున్నీ ముక్క అందుకున్నాను.

"కట్టక తప్పదంటే గిట్ల కట్టు అక్కా. గుంజినా బిగుసుకోవద్దు. రెండు వేళ్ళు పట్టాలె."

నాలుగోసారికి ఆమెకు ముడి చేతికొచ్చింది. కిటికీ పక్కనున్న పిల్లాడి కాలికి తనే కట్టింది. అంతలో మాధవీలత మేడం బ్యాగు నేల మీద పెట్టి మా పక్కన కూర్చుంది. ఆ పిల్లాడి కాలికీ చున్నీకీ మధ్య తన రెండు వేళ్ళు దూర్చి చూసింది.

"పట్టినయా మేడం?" అని అడిగాను.

తలెత్తకుండానే, పట్టాయంది.