దమయంతి గడప ఎక్కేదాకా

భద్రమ్మ కథ ఎత్తుకుంటే సుగుణ దుకాణంలో మిషను కూడా మెల్లగా నడిచేది. హనుమకొండ చౌరస్తా వెనక సందులో చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసే చిన్న దుకాణం అది. కోడలు సుగుణ కుడుతుంటే అత్త భద్రమ్మ పక్కన చాప వేసుకుని, అయిపోయిన చీరలు మడత పెడుతూ రోజూ మధ్యాహ్నం కథలు చెప్పేది. రాజుల కథలు కావు, రాణులవి. నిండు చూలాలిగా అడవి పాలైన సీత, జుట్టు పట్టి సభకు లాక్కొచ్చిన ద్రౌపది, ఎవరికీ కాకుండా పోయిన అంబ. రాజుల గొప్పలు చెప్పడానికి ఊరినిండా మైకులున్నాయి, తన అవసరం లేదని ఆమె వాదన.

ఆమెకు ఒకటే పట్టింపు. కష్టంలో ఉన్న ఆడమనిషిని నడి అడవిలో నిలబెట్టి కథ ఆపకూడదు. సీత ముని ఆశ్రమం చేరాలి. ద్రౌపది ఒంటిమీద చీర నిలవాలి. అప్పుడే చాప చుట్టాలి. అంబ కథ చెప్పిన రోజున ఆ పిల్లకు ఏ గడపా దొరకక పొద్దుగూకేదాకా సాగింది. చివరికి తపస్సు చేసుకుంటున్న తాత ఎదురొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక గానీ భద్రమ్మ లేవలేదు. ఆ రోజు పెళ్లివాళ్ల చీరలు ఆలస్యమై సుగుణ తిట్లు తిన్నది.

బుధవారం నాడు ఆ పట్టింపు తప్పింది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, అడవిలో నిద్రపోతున్న దమయంతి చీరను సగానికి కోసి తాను చుట్టుకుని, ఆమెను అక్కడే వదిలేసి పోయాడు. సరిగ్గా అక్కడ భద్రమ్మ కడుపు పట్టుకుని చాప మీద ఒరిగిపోయింది. ఆటో, దవాఖాన, స్కానింగ్. పిత్తాశయంలో రాళ్లు, మర్నాడే ఆపరేషన్ అన్నారు.

పొద్దున కాగితం మీద సంతకం పెట్టమంటే భద్రమ్మ ససేమిరా అంది.

"దమయంతిని అడవిల ఇడిసిపెట్టి నేను మత్తు సూది ఏయించుకుంటనా? నేను లేవకపోతే ఆమె గతేంగాను?"

"గట్లనకు అత్తమ్మా. ఎందుకు లేవవు? జర సంతకం పెట్టు," సుగుణ బతిమాలింది.

డాక్టర్ దీప్తి చిన్న వయసు పిల్ల. నవ్వు ఆపుకుని, "పదకొండింటికి ఆపరేషన్ థియేటర్ మీకే, పెద్దమ్మా. ఆలస్యమైతే లోపల చీము పడుతుంది, అప్పుడు కష్టం," అంది.

"అయితే ఇక్కడనే చెప్పు, మేం ఇంటం," అంది సుగుణ.

"మీరింటె ఏం ఫాయిద? ఆమెను అడవిల చూసినోళ్లే గడప ఎక్కుడు గూడ చూడాలె. నాలుగు మాటలకే నాకు నొప్పి లేస్తాంది. నువ్వు పోయి చెప్పు."

"నేనా?"

"ఇరవై ఏండ్ల సంది ఇంటానవ్ గద!"

తప్పు తమదే అయినా తన మీద అరిచిపోయే చీరలవాళ్ల ముందు కూడా తలూపి ఊరుకునే మనిషి సుగుణ. కానీ తొమ్మిదిన్నర దాటింది, అత్త పెదవులు నొప్పికి తెల్లబడుతున్నాయి. తోడు వచ్చిన పక్కింటి పద్మను అత్త దగ్గర కూర్చోబెట్టి, ఆటో ఎక్కింది.

దుకాణం ముందు నిన్నటి వాళ్లంతా భద్రమ్మ ఎట్లా ఉందో తెలుసుకుందామని నిలబడి ఉన్నారు. సందు ఊడ్చే మొగిలమ్మ, ఫాల్ కుట్టిన చీరనే మళ్లీ సరిచేయించే నెపంతో కథ కోసం కాజీపేట నుంచి వచ్చే సుకన్య, మరో నలుగురు. సుగుణ షట్టరెత్తి, పద్మ ఫోన్‌కు కలిపి, స్పీకరు పెట్టి, ఫోన్ బల్ల మీద పెట్టింది.

"దమయంతి లేచింది. చూస్తే మొగడు లేడు," అని ఆగిపోయింది. ఏం చేయాలో తెలియక దారం లేని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు నోరు తెరుచుకుంది.

కొండచిలువ పట్టుకున్నది, వేటగాడు విడిపించాడు, విడిపించినవాడే చేయి పట్టుకోబోతే దమయంతి శపించింది. బేహారుల వెంట పోతే, రాత్రికి రాత్రి ఆ వర్తకుల గుంపును ఏనుగులు తొక్కేశాయి. చివరికి చేది పట్నం. సగం చీరలో నడుస్తున్న ఆమెను పిచ్చిదనుకుని పిల్లలు వెంటపడ్డారు. మేడ మీదినుంచి రాజమాత చూసి, లోపలికి పిలిపించింది.

ఇక్కడ రాజమాత 'ఎవరి దానివి, ఎక్కడి దానివి' అని అడగాలి. భద్రమ్మ ఎప్పుడూ అట్లాగే చెప్పేది. సుగుణ నోటికి ఆ మాట రాలేదు.

"రాజమాత ఏం అడుగలే. 'తిన్నవా బిడ్డా' అన్నది. 'వాడు నా కడుపుల పుట్టినోడే గావచ్చు. వాడు చేసిన పనికి నువ్వెందుకు గడప దిగాలె? పోతే వాడు పోయిండు, ఇల్లు నీది' అన్నది. చెయ్యి పట్టుకొని లోపలికి తోల్కపోయింది."

"రాజమాత నలుని తల్లి కాదు గదక్కా?" అంది సుకన్య.

"ఊకో," అంది మొగిలమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

ఆ సందులో పాతవాళ్లందరికీ తెలుసు. భద్రమ్మ కొడుకు రమాకాంత్ ఇంకో ఆమెతో వెళ్లిపోయిన రోజున, సుగుణ పెట్టె సర్దుకుని పుట్టింటికని ములుగు బస్సుకు బయలుదేరింది. మళ్లీ పెట్టె విప్పింది కూడా ఆ రోజే. తర్వాతి వారం ఈ మిషను వచ్చింది.

ఫోన్‌లో మంచం కిర్రుమంది.

"గడప ఎక్కింది గద?" అంది భద్రమ్మ గొంతు.

"ఎక్కింది అత్తమ్మా."

కాగితం చప్పుడైంది. "పెట్టింది, సంతకం పెట్టింది," అని పద్మ అరిచింది. చక్రాల మంచం కదిలిన చప్పుడు మధ్యలో మళ్లీ భద్రమ్మే మాట్లాడింది.

"సుగుణా, గట్ల నేనన్ననా? నాకు యాదే లేదు బిడ్డా."

"నాకు యాదున్నది," అంది సుగుణ. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి గట్టిగానే చెప్పింది, అందరూ వినేట్టు.