పెరటి తలుపు

నాకు ఎనభై ఏళ్లు నిండుతున్నాయని నాకంటే ముందు మా పార్టీవాళ్లకి గుర్తొచ్చింది. నా జీవితం మీద ఒక పుస్తకం వేస్తామన్నారు. మనిషి బతికుండగా పుస్తకం వేశారంటే ఇక చాలించమని మర్యాదగా చెప్పడమే కదా అని నేనంటే కమిటీలో ఒక్కరూ నవ్వలేదు. మా సోషలిస్టులకి హాస్యం తక్కువ. యాభై ఏళ్లు వాళ్ల మధ్య గడిపినవాణ్ణి, ఆ మాట అనే హక్కు నాకుంది.

ఆ పని ఒక అమ్మాయికి అప్పగించారు. కాలేజీలో చరిత్ర చెబుతుంది, పార్టీ పత్రికకి వ్యాసాలు రాస్తుంది. ఒక మంగళవారం మధ్యాహ్నం అచ్చు కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి మా ముందుగదిలో కూర్చుంది. ఒకప్పుడు రోగులు కూర్చున్న గది అది, బల్ల కూడా ఆనాటిదే. కాగితాలు చేతికి తీసుకుంటే మొదటి పేజీలోనే మిల్లు గేటు ప్రసంగం.

"ఇది తీసెయ్యమ్మా," అన్నాను.

"అదేంటండీ, మీరంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ ప్రసంగమే. దాంతోనేగా మీరు గెలిచింది."

"అందుకే తీసెయ్యమంటున్నా."

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. ఎందుకో చెబితే తప్ప కదలనని కలం మూత తీసింది. కళ్లజోడు తుడిచాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లో నా ఆస్పత్రి ఈ ఇల్లే. ముందు రెండు గదులు వైద్యానికి, వెనక రెండు గదులు కాపురానికి. వీధి చివర నూలు మిల్లు. నా రోగుల్లో ముప్పాతికమంది అక్కడి కార్మికులే. వీధి తలుపున వచ్చినవాళ్లు బల్ల మీద వరసగా కూర్చునేవారు. మా కాంపౌండరు వాళ్ల పేరూ జబ్బూ పెద్ద పుస్తకంలో రాసుకుని, తర్వాత రెండూ కలిపి వీధి చివరిదాకా వినబడేట్టు పిలిచేవాడు. జ్వరాలకీ దెబ్బలకీ అది బాగానే ఉండేది. నలుగురిలో చెప్పుకోలేని జబ్బులు మాత్రం పెరటి తలుపున వచ్చేవి.

ఆ ఏర్పాటు నా ఆలోచన కాదు, మా ఆవిడది. పెరటి వైపు సందులోంచి వచ్చి తలుపు మెల్లగా తడితే తనే గడియ తీసేది. వంటింట్లో పొయ్యి పక్కన ఒక స్టూలు వేసి కూర్చోబెట్టేది. నన్ను పిలిచేదాకా వాళ్లతో కూరగాయల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడేది. పెరటి రోగుల సంగతి కాంపౌండరు పుస్తకంలోకి ఎక్కేది కాదు. చిన్న కార్డుల మీద నేనే రాసి ఒక బిస్కెట్ డబ్బాలో వేసేవాణ్ణి. డబ్బా తాళం మా ఆవిడ దగ్గరుండేది. నన్ను నమ్మి వస్తున్నారని నేననుకునేవాణ్ణి. నిజానికి వాళ్లు నమ్మింది ఆవిణ్ణి.

అలా వచ్చినవాళ్లలో ఒకామె ఉండేది. మిల్లులో అందరూ ఆమెని గడియారం అని పిలిచేవారు. ఇరవై ఏళ్లలో ఒక్కనాడు కూడా ఒక్క నిమిషం ఆలస్యంగా గేటు దాటలేదట. ఆమె మలుపు తిరగడం చూసి కాపలావాడు సైరన్ మోగిస్తాడని వీధిలో ఒక జోకు. భర్త ఎటో వెళ్లిపోయాడు. ఇద్దరు పిల్లలు, ఒక ముసలి అత్త, వాళ్ల ముగ్గురికీ ఆమె రెండు చేతులే ఆధారం.

ఒక వేకువన వచ్చి స్టూలు మీద కూర్చుని, మడతపెట్టిన గుడ్డముక్క విప్పి చూపించింది. దగ్గితే పడిన నెత్తురు. ఎక్స్‌రే ఫోటో తీయిస్తే ఊపిరితిత్తుల్లో క్షయ. ఏడాదిన్నర మందు పడాలి, మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత మందులకి కూడా లొంగదు అని చెప్పాను. ఆమె అదంతా శ్రద్ధగా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"మిల్లులో తెలిస్తే ఆ రోజే పేరు కొట్టేస్తారు డాక్టరుగారూ. ఎవరికీ తెలీదు కదా?"

"ఈ వంటిల్లు దాటదమ్మా," అన్నాను.

"అక్కా, మీరు కూడా విన్నారుగా," అంది మా ఆవిడతో. మా ఆవిడ విన్నానంది.

మొదటి మూడు వారాలు నలుగురిలోకి పోకుండా ఇంటిపట్టున ఉండాలి. అందుకని కాలు బెణికిందని సర్టిఫికెట్ రాసిచ్చాను. నా వైద్యంలో నేను రాసిన శుద్ధ అబద్ధం అదొక్కటే. మూడు వారాలయ్యాక, దగ్గితే ఇంకొకరికి అంటుకునే ప్రమాదం తగ్గాక, పనిలోకి వెళ్లమన్నాను. ఆమె ఆ అబద్ధాన్ని నాకంటే నిజాయితీగా నడిపింది. వారం రోజులు కుంటుకుంటూ మిల్లుకి వెళ్లింది. అంత కుంటుతూ కూడా ఒక్క నిమిషం ఆలస్యం కాలేదని, గడియారానికి ముల్లు వంగింది గానీ టైము తప్పలేదని మిల్లంతా ఏడిపించారు. ఆ మాట మాకు చెప్పి తనే నవ్వింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు, షిఫ్టుకి ముందు వచ్చి సూది వేయించుకునేది. రెండో నెలకి దగ్గు తగ్గింది, మొహంలోకి కాస్త రంగు వచ్చింది. మా ఆవిడ పట్టుబట్టి తాగించే పాలు మొదట మొహమాటపడి, తర్వాత అడిగి మరీ తాగింది.

అప్పుడే ఎన్నికలొచ్చాయి. పార్టీ నన్ను నిలబెట్టింది. నా మీద పోటీ మిల్లు తరఫు వకీలు. మాట నేర్పరి. ఊరూరా తిరిగి ఒకటే పాట పాడాడు. మిల్లు దుమ్ముతో రోగాలొస్తున్నాయని డాక్టరు గోల పెడుతున్నాడే, ఒక్క రోగిని చూపించమనండి, ఒక్కణ్ణి, అని. జనం నవ్వేవారు. వాళ్లకీ నన్ను చూస్తే కాస్త అనుమానమే మొదలైంది.

పోలింగుకి నాలుగు రోజుల ముందు మిల్లు గేటు దగ్గర మీటింగు. షిఫ్టు మారే వేళ. నేను లారీ ఎక్కి లెక్కలు చెప్పాను. వెయ్యిమందిలో ఎంతమందికి దగ్గు, ఎంతమందికి ఆయాసం, ఏ విభాగంలో ఎంత. అవన్నీ నిజాలే. కానీ ముందు వరసలో ఒకాయన ఆవలించాడు. వెనకవాళ్లు టీకొట్టు వైపు జారుకుంటున్నారు. వకీలు మనుషులు పక్కన నిలబడి ఒక్కణ్ణి చూపించు, ఒక్కణ్ణి అని అరిచారు. నాకు ఒళ్లు మండింది.

కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

"లెక్కలొద్దు. ఒక్క మనిషి గురించి చెబుతాను," అన్నాను. "మీ మధ్యే పనిచేసే ఒక తల్లి. పేరు చెప్పను. నెత్తురు కక్కుకుంటూ పనిలోకి వస్తోంది. మీరు ఆమెని చూసి నవ్వారు. కుంటుతోందని ఏడిపించారు. కుంటింది ఆమె కాలు కాదు, ఈ మిల్లు న్యాయం."

మైదానం నిశ్శబ్దమైపోయింది. గుండెలు కరిగాయనుకున్నాను. తలలన్నీ ఒక్కసారిగా ఒక పక్కకి తిరగడం చూసి కన్నీళ్లు దాచుకుంటున్నారనుకున్నాను. తర్వాత నా కళ్లు కూడా అటే వెళ్లాయి. గేటు పక్కన, తలకి కట్టుకున్న గుడ్డ విప్పి నోటికి అడ్డం పెట్టుకుని ఆమె నిలబడి ఉంది. ఆమె చుట్టూ అప్పటిదాకా ఒరుసుకుంటూ నిలబడినవాళ్లు ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నారు. సరిగ్గా అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. నా జన్మలో అన్ని చప్పట్లు ఎప్పుడూ వినలేదు.

అవి నాకు ఇష్టంగా ఉన్నాయి. ఆ సంగతి చెప్పకపోతే ఇదంతా చెప్పి ప్రయోజనం లేదు. ఆమెని చూశాక కూడా, ఆ చప్పట్లు ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు సూది వేసే రోజు. మా ఆవిడ తెల్లవారకముందే లేచి సూది మరగబెట్టి, పాలు వేడిచేసి, పెరటి గడియ తీసి నిలబడింది. మిల్లు సైరన్ మోగింది. పాలు మీగడ కట్టాయి. ఆవిడ తలుపు వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏమన్నారు నిన్న?"

"నోరు జారింది," అన్నాను.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను గెలిచి, మెడనిండా దండలతో ఇంటికొచ్చిన రోజు కూడా వంటింట్లోంచి బయటికి రాలేదు.

మిల్లువాళ్లు ఆమెని పరీక్షకి పిలిచి, రెండో రోజుకల్లా పేరు కొట్టేశారు. వీధి కుళాయి దగ్గర ఆమె బిందెని ఎవరో కర్రతో పక్కకి తోశారని కాంపౌండరు చెవిన వేశాడు. మందులు సంచిలో వేసుకుని నేనే వాళ్లింటికి వెళ్లాను. మొహం ఎలా చెల్లిందో నాకే తెలీదు. ఆమె తలుపు సగమే తీసింది.

"గెలిచారటగా డాక్టరుగారూ. సంతోషం," అంది. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మర్యాదగా అంది.

"మందు ఆపకూడదమ్మా. నువ్వు రానక్కర్లేదు, నేనే వచ్చి వేస్తాను."

"మీరు మా గుమ్మం ఎక్కితే వీధంతా చూడదా అండీ? ఈసారి చెయ్యి బెణికిందని రాస్తారా?"

తల కొట్టేసినట్టయింది. సంచి గుమ్మం మీద పెట్టి వచ్చేశాను. వారం తిరిగేసరికి పిల్లల్నీ అత్తనీ తీసుకుని ఎవరో బంధువుల ఊరికి వెళ్లిపోయింది. సంచి పెట్టినచోటే ఉందని పక్కింటివాళ్లు తెచ్చిచ్చారు.

జబ్బు చేసిన కార్మికుణ్ణి పనిలోంచి తీయకూడదని చట్టసభలో రెండేళ్లు కొట్లాడి చట్టం తెచ్చాను. అది మంచి చట్టమే, దానివల్ల వేలమంది నిలబడ్డారు. ఈ పుస్తకంలో దానికి పదిహేను పేజీలు ఇచ్చారు. కానీ ఆ ప్రసంగం తర్వాత మా పెరటి తలుపు ఎవరూ తట్టలేదన్నది ఏ పేజీలోనూ లేదు. నెల రోజుల్లో అందరూ మానేశారు. వాళ్లు ఎక్కడికి వెళ్లారో, అసలు వెళ్లారో లేదో నాకు తెలీదు. ఏడాది చూసి, మా ఆవిడ ఆ తలుపుకి అడ్డంగా గిన్నెల బీరువా జరిపించింది.

ఆరేళ్ల తర్వాత ఒక డాక్టర్ల సమావేశంలో నా పక్కన కూర్చున్న సహాధ్యాయి మాటల్లో ఒక రోగి గురించి చెప్పాడు. ముదిరిన క్షయతో వచ్చిందట. ఇంతకుముందు ఎక్కడైనా మందు తీసుకున్నావా అని ఎన్నిసార్లు అడిగినా లేదనే చెప్పిందట. కొత్త రోగే అనుకుని మొదటి మందులే వేశారు. అవి పనిచేయలేదు. "పాత సంగతి చెప్పుంటే వేరే మందులు వేసి బతికించేవాళ్లం. చచ్చేదాకా నోరు విప్పలేదయ్యా," అన్నాడు. "ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. ఏ టైముకి రమ్మంటే సరిగ్గా ఆ నిమిషానికి గుమ్మంలో ఉండేది."

చేతిలో టీ కప్పు కింద పెట్టేశాను.

ఇక్కడిదాకా చెప్పి ఆ అమ్మాయి వైపు చూశాను.

"నోరు జారిందని ఇన్నేళ్లుగా మా ఆవిడకి చెబుతున్నాను. జారలేదమ్మా. కుంటడం అనే మాట నోట్లో ఉండగానే తెలుసు, అది అంటే ఆమెని పోల్చేస్తారని. అది అనకపోతే జనం లేచిపోతారని కూడా తెలుసు. తెలిసే అన్నాను."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆమె ఒళ్లో ఆరు కాగితాలు నిండిపోయి ఉన్నాయి.

"ప్రసంగం తీసేసి ఇదే వేద్దామండీ," అంది. "దానికంటే ఇది గొప్పగా ఉంది. చదివినవాళ్లు మిమ్మల్ని ఇంకా గౌరవిస్తారు."

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. లారీ మీద విన్న చప్పట్లే మళ్లీ వినబడ్డట్టు. అప్పటికే టీ తెచ్చి తలుపు దగ్గర నిలబడిన మా ఆవిణ్ణి నేను చూడలేదు. ఎంతసేపటినుంచి వింటోందో తెలీదు. కప్పులు బల్ల మీద పెట్టి, ఆ కాగితాల వైపు చూసింది.

"గడియారం, కాలు, మిల్లు. అన్నీ చెప్పేశారా?" అంది. "ఆ పిల్లలు ఇంకా ఉన్నారండీ. ఇది రెండోసారి."

నేను చెయ్యి చాచాను. అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి కాగితాలు ఇచ్చేసింది. వాటిని మా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ వంటింట్లోకి తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది.

మరి ఇప్పుడు ఇది ఎందుకు రాశావని మీరు అడగవచ్చు. మా ఆవిడ పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చున్నాకే రాశాను. మీరు చదివినదాంట్లో గడియారం ఆమె పేరు కాదు. సర్టిఫికెట్‌లో నేను రాసింది కాలి బెణుకు కాదు. ఆమె పనిచేసింది నూలు మిల్లులో కాదు, ఆమెకి జనం పెట్టిన పేరూ నేను రాసిన అబద్ధమూ వేరే. ఆమె బిడ్డలు చదివినా ఇది తమ తల్లి కథ అనుకోరు. గుర్తులన్నీ మార్చడానికి మా ఇద్దరికీ ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఆ రోజు లారీ మీద ఒక్క మాట మింగితే సరిపోయేది.